తెల్లబట్ట: ఏది మామూలు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి?

సబ్‌సెంటర్_సిస్టర్:

అందరికీ నమస్కారమండీ. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగేటప్పుడు ఆడవాళ్లు పక్కకు పిలిచి అడిగేది ఎక్కువగా తెల్లబట్ట గురించే. వాళ్లు దగ్గర పెట్టుకోవడానికి ఒక పేజీ రాసిద్దామనుకుంటున్నాం. దొరికిన కరపత్రాల్లో ‘తెల్లగా ఉంటే మామూలు, పచ్చగా ఉంటే జబ్బు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది చాలదనిపిస్తోంది. తెల్లగానే అవుతుంది కానీ దురదకి నిద్ర పట్టదనేవాళ్లున్నారు. లోదుస్తుల మీద పసుపు మరక చూసి హడలిపోయి వచ్చేవాళ్లూ ఉన్నారు, తీరా చూస్తే ఏమీ ఉండదు.

రోజుకి ఎంత అయితే మామూలు? నెల పొడవునా ఎలా మారుతుంది? దురద, వాసన, రంగు వీటిని బట్టి ఏది ఏ జబ్బో ఎంతవరకు చెప్పొచ్చు? మెడికల్ షాపులో నాలుగు బిళ్లల కిట్ ఇస్తున్నారు, అది వేసుకోమనవచ్చా? ఏం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి పంపాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

గైనిక్_ఓపీ:

సిస్టర్ గారూ, మీ అనుమానం సరైనదే. రంగు ఒక్కటే పట్టుకుంటే రెండు వైపులా తప్పు పోతాం. ముందు మామూలు అంటే ఏంటో గట్టిగా చెప్పండి, జబ్బు సంగతి తర్వాత.

నెలసరి వచ్చే వయసులో రోజుకి సుమారు 1 నుంచి 4 మిల్లీలీటర్ల వరకు స్రావం అవడం ఆరోగ్యమే. చెంచా నీళ్లు 5 మిల్లీలీటర్లు కాబట్టి, రోజు మొత్తానికి ఒక చెంచాకి కాస్త తక్కువ. ఇందులో గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే జిగురు, యోని గోడల నుంచి రాలిన కణాలు, అక్కడ నివసించే మంచి బ్యాక్టీరియా ఉంటాయి. ఆ బ్యాక్టీరియా పేరు లాక్టోబాసిలై. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నంతకాలం యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. దాని నుంచి లాక్టిక్ యాసిడ్ తయారవుతుంది. అందుకే అక్కడి పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, అంటే పులుపు. ఆ పులుపే కాపలా. నల్ల ప్యాంటీ మధ్యలో రంగు వెలిసి మచ్చ పడటానికి కూడా ఈ యాసిడే కారణం. అది చూసి ‘లోపల ఏదో విషం ఉంది’ అని భయపడేవాళ్లకి ఈ ఒక్క ముక్క చెబితే చాలు.

పసుపు మరక మాట అడిగారు. మామూలు స్రావం బట్ట మీద ఆరి, గాలి తగిలితే లేత పసుపుకి తిరుగుతుంది. కాబట్టి బట్ట మీద ఎండిన మరకని కాదు, తడిగా ఉన్నప్పుడు రంగేమిటో అడగాలి.

నెలలో మార్పు ఇలా ఉంటుంది. నెలసరి ఆగిన తర్వాత కొన్ని రోజులు దాదాపు పొడిగా ఉంటుంది. అండం విడుదలయ్యే సమయం దగ్గరపడే కొద్దీ, 28 రోజుల చక్రంలో సుమారు 10 నుంచి 14వ రోజు మధ్య, తేటగా, జారుడుగా, వేళ్ల మధ్య సాగేలా గుడ్డు తెల్లసొనలా వస్తుంది. ఎక్కువగా కూడా అవుతుంది. చాలామంది ‘నెల మధ్యలో నీళ్లలా పోతోంది’ అనేది దీన్నే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ హార్మోన్ ప్రభావంతో చిక్కబడి, తెల్లగా, జిగటగా మారుతుంది. నెలసరికి ముందు రోజుల్లో మళ్లీ కొంచెం ఎక్కువ అనిపించవచ్చు. ఆడపిల్లలకి మొదటిసారి నెలసరి రావడానికి 6 నెలల నుంచి ఏడాది ముందే తెల్లబట్ట మొదలవుతుంది. ‘ఇంకా పెద్దమనిషి కాలేదు, అప్పుడే తెల్లబట్టా’ అని తల్లులు కంగారుపడేది ఇక్కడే. దురద, వాసన లేకపోతే ఆ పిల్లకి మందు అక్కర్లేదు, త్వరలో నెలసరి వస్తుందని ముందే చెప్పి సిద్ధం చేస్తే సరిపోతుంది.

ఇక జబ్బు. ‘నీకు ఎప్పుడూ ఉండే తీరు నుంచి ఏం మారింది?’ అనేది మొదటి ప్రశ్నగా పెట్టండి. ఆ తర్వాత దురద ఉందా, వాసన ఉందా, మంట ఉందా, పొత్తికడుపులో నొప్పి ఉందా, కలయిక తర్వాత రక్తం కనబడుతోందా అని వరసగా అడగండి. రంగు చివర్లో అడిగినా నష్టం లేదు.

ఈస్ట్ లేదా క్యాండిడా అనే ఫంగస్ ఇన్ఫెక్షన్‌లో ప్రధానమైనది దురద. స్రావం విరిగిన పాల ముద్దల్లా తెల్లగా, గోడలకి అంటుకుని ఉంటుంది, వాసన పెద్దగా ఉండదు. బయటి చర్మం ఎర్రబడి, వాచి, గీతలు పడి, మూత్రం తగిలితే భగ్గుమంటుంది. మూత్రం పోసేటప్పుడు మంట అనగానే యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తే ఈస్ట్ ఇంకా పెరుగుతుంది. మంట లోపల, మూత్రం వచ్చే దారిలోనా, బయట చర్మం మీదనా అని తప్పకుండా అడగాలి.

బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో దురద తక్కువ, నీచు వాసన ఎక్కువ. పల్చగా, బూడిద కలిసిన తెలుపులో, పాలు పూసినట్టు సమానంగా ఉంటుంది. కలయిక తర్వాత, నెలసరి సమయంలో వాసన పెరుగుతుంది, ఎందుకంటే వీర్యానికీ రక్తానికీ పీహెచ్ ఎక్కువ, అంటే పులుపు తక్కువ, అది తగలగానే వాసన ఇచ్చే అమైన్లు ఆవిరై బయటికొస్తాయి. ఇది బయటి నుంచి పట్టుకున్న ఒక పురుగు వల్ల వచ్చేది కాదు. లాక్టోబాసిలై తగ్గిపోయి, గార్డ్‌నెరెల్లా లాంటి వేరే బ్యాక్టీరియా పెరిగిపోవడం. లోపల సబ్బుతోనో, డెటాల్ నీళ్లతోనో కడగడం దీన్ని తెచ్చిపెడుతుంది. ఆ వాసన పోగొట్టుకోవడానికి మళ్లీ కడుగుతారు, మళ్లీ పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంచకుండా ఎన్ని బిళ్లలు వేసినా ప్రయోజనం లేదు.

ట్రైకోమొనాస్‌లో పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో, నురగగా, చెడువాసనతో, దురద మంటలతో వస్తుంది. ఇది ఒక సూక్ష్మ పరాన్నజీవి వల్ల, కలయిక ద్వారా వచ్చేది. భర్తకి ఏ బాధా లేకపోయినా అతనికీ మందు ఇవ్వాల్సిందే, ఇద్దరి చికిత్స పూర్తయి లక్షణాలు తగ్గేవరకు, కనీసం 7 రోజులు, దూరంగా ఉండాలి.

క్లామిడియా, గొనోరియా అనే సుఖవ్యాధుల గురించి మాత్రం గట్టిగా హెచ్చరించండి. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు, ఉన్నా చీములాంటి స్రావం, కలయిక తర్వాత రక్తం, నెలసరికి నెలసరికి మధ్య మరకలు. ఇవి పైకి పాకితే గర్భసంచి, ట్యూబులు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవడానికీ, ట్యూబులో గర్భం నిలవడానికీ దారితీస్తాయి.

అదే రోజు పంపాల్సినవి: తెల్లబట్టతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి, కాన్పు లేదా అబార్షన్ తర్వాత కుళ్లు వాసన, గర్భిణికి నీళ్లు కారడం, రక్తం కనబడటం, నెలసరి తప్పి ఒక పక్క కడుపు నొప్పితో రక్తపు మరకలు. ఇవి రేపటికి వాయిదా వేసేవి కావు.

స్లైడ్_టేబుల్:

మైక్రోబయాలజీ వైపు నుంచి చెప్తాను. డాక్టర్ గారు చెప్పిన లక్షణాలు బాగానే పనికొస్తాయి కానీ, చూపుతో చేసిన నిర్ధారణ చాలాసార్లు తప్పుతుంది, ఒకే మనిషికి రెండు ఇన్ఫెక్షన్లూ ఉండొచ్చు. తేల్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక పీహెచ్ పేపర్, రెండు గాజు స్లైడ్లు, ఒక చుక్క సెలైన్, ఒక చుక్క 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, మైక్రోస్కోప్. పది నిమిషాల పని.

యోని పక్క గోడ నుంచి దూది పుల్లతో తీసి పీహెచ్ పేపర్‌కి అద్దాలి. ముఖద్వారం దగ్గర జిగురుకి తగిలిస్తే పీహెచ్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. రక్తం, వీర్యం, జెల్లీ కలిసినా అంతే. 4.5 లోపు ఉండి దురద ఉంటే ఈస్ట్ వైపు ఆలోచించాలి. 4.5 దాటితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ లేదా ట్రైకోమొనాస్. నెలసరి ఆగిపోయినవాళ్లలో ఏ జబ్బూ లేకుండానే 5 దాటుతుంది, అందుకే వాళ్లకి ఈ లెక్క పనిచేయదు.

ఒక స్లైడ్ మీద స్రావానికి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క కలపగానే నీచు వాసన గుప్పుమంటే వెజైనోసిస్‌కి ఒక గుర్తు. అదే స్లైడ్‌లో మిగతా కణాలు కరిగిపోయి ఈస్ట్ దారాలు, మొగ్గలు స్పష్టంగా కనబడతాయి. సెలైన్ స్లైడ్‌లో అంచులు కనబడనంతగా బ్యాక్టీరియా అతుక్కుపోయిన కణాలు చూడాలి, వాటినే క్లూ సెల్స్ అంటారు. పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, వాసన పరీక్ష, క్లూ సెల్స్, ఈ నాలుగిట్లో మూడు ఉంటే వెజైనోసిస్ అని రాసేయొచ్చు. 1983 నుంచి వాడుకలో ఉన్న ఆమ్‌సెల్ పద్ధతి ఇదే. గ్రామ్ స్టెయిన్ (స్లైడ్ మీద బ్యాక్టీరియాకి రంగు పట్టించడం) చేసే ల్యాబ్ అయితే న్యూజెంట్ స్కోరు ఇస్తుంది: 0–3 మామూలు, 4–6 మధ్యస్థం, 7–10 వెజైనోసిస్.

ట్రైకోమొనాస్ సెలైన్ స్లైడ్‌లో గంతులేస్తూ కదులుతుంది. కదలిక ఉంటేనే గుర్తుపడతాం. స్వాబ్ తీసి ట్రేలో పెట్టేసి, ఓపీ అయ్యాక చూస్తామంటే చల్లబడి ఆగిపోతుంది, అప్పుడు దానికీ తెల్ల రక్తకణానికీ తేడా తెలియదు. వెంటనే చూసినా చాలా కేసులు తప్పిపోతాయి, కాబట్టి స్లైడ్‌లో లేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ‘హై వెజైనల్ స్వాబ్ కల్చర్’ (లోపలి స్రావంలో ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) అని రాసి పంపుతారు, రెండు రోజులకి ‘ఈ.కోలై పెరిగింది’ అని రిపోర్టు వస్తుంది, కింద పది యాంటీబయాటిక్‌ల జాబితా ఉంటుంది. పేగులో ఉండే ఈ.కోలై యోనిలో కాపురం ఉండటం మామూలే. రిపోర్టుకి వైద్యం చేసి బలమైన యాంటీబయాటిక్ ఇస్తే మిగిలిన లాక్టోబాసిలై కూడా పోయి, పది రోజుల్లో దురదతో మళ్లీ వస్తారు. ఈస్ట్ కూడా అంతే. ఏ బాధా లేని ఆడవాళ్లలో 10 నుంచి 20 శాతం మందికి కల్చర్ పెడితే ఈస్ట్ పెరుగుతుంది. దురద, మంట లేనప్పుడు దానికి మందు అక్కర్లేదు. కల్చర్ నిజంగా పనికొచ్చేది మళ్లీ మళ్లీ వచ్చే ఈస్ట్‌లో, అది ఏ జాతో తేల్చుకోవడానికి. క్యాండిడా గ్లాబ్రాటా అయితే మామూలు ఫ్లుకోనజోల్‌కి సరిగా లొంగదు.

పరీక్షకి పంపేటప్పుడు ఇది చెప్పండి: ముందు 24 నుంచి 48 గంటలు లోపల క్రీమ్, బిళ్ల పెట్టుకోకూడదు, లోపల కడగకూడదు, కలయిక ఉండకూడదు, నెలసరి రోజుల్లో రాకపోవడం మంచిది. స్నానం చేసి శుభ్రంగా వెళ్లాలని లోపలంతా కడుక్కుని వస్తే చూడటానికి ఏమీ మిగలదు.

మందుల_కౌంటర్:

నాలుగు బిళ్లల కిట్ సంగతి నేను చెప్తాను. మెడికల్ షాపుల్లో అమ్మేదాంట్లో సాధారణంగా ఉండేవి అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకటి, ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఒకటి, సెక్నిడజోల్ 1 గ్రాము రెండు. ఏ జబ్బో తెలియకుండా నాలుగు వైపులా రాయి విసరడం ఇది. మామూలు తెల్లబట్టకి ఇది వేస్తే అనవసరంగా యాంటీబయాటిక్ లోపలికి పోయినట్టు. ఈస్ట్‌కి అజిత్రోమైసిన్‌తో పనిలేదు. గొనోరియాకి ఒక్క అజిత్రోమైసిన్ చాలదు. పొత్తికడుపు ఇన్ఫెక్షన్‌కి 14 రోజుల కోర్సు కావాలి, ఈ కిట్‌తో నొప్పి కాస్త తగ్గి లోపల జబ్బు అలాగే ఉండిపోతుంది. గర్భిణికి ఇవ్వకూడదు, అయినా ‘నెల తప్పిందా’ అని కౌంటర్లో అడిగేవాళ్లు తక్కువ.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇలాంటి ఇన్ఫెక్షన్లకి చూసే సురక్ష క్లినిక్‌లో ఏళ్లుగా ఇచ్చే రంగు కిట్లు దీనిలాంటివి కావు. అక్కడ అడిగి, చూసి, లక్షణాన్ని బట్టి కిట్ ఎంచుతారు. ఆకుపచ్చది తెల్లబట్టకి, అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకోనజోల్ 150 ఉంటాయి. ముఖద్వారం నుంచి చీము కనబడితే బూడిదరంగు కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు కిట్. మందు ఉచితం, పేరు బయటపెట్టరు. మీ పేజీలో దగ్గర్లోని ఏరియా ఆసుపత్రి సురక్ష క్లినిక్ గది నంబరు రాయండి, ‘వెళ్లండి’ అనడం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

నిర్ధారణ అయ్యాక వాడే మోతాదులు మీ అవగాహన కోసం, పేజీలో అచ్చు వేయడానికి కాదు. ఈస్ట్‌కి ఫ్లుకోనజోల్ 150 ఒక్క బిళ్ల, లేదా క్లోట్రిమజోల్ యోని బిళ్ల 500 మిల్లీగ్రాములు ఒక్క రాత్రి, లేదా 200వి 3 రాత్రులు, 100వి 6–7 రాత్రులు. బయట వాపు, పగుళ్లు ఎక్కువగా ఉంటే ఫ్లుకోనజోల్ రెండో బిళ్ల 72 గంటల తర్వాత. వెజైనోసిస్‌కి మెట్రోనిడజోల్ 400 రోజుకి రెండుసార్లు 7 రోజులు, తిన్న తర్వాత. నోట్లో ఇనుము రుచి, వికారం ఉంటాయి, ముందే చెప్పకపోతే మూడో రోజుకే ఆపేస్తారు. ఆ వారమూ, ఆపాక మరో మూడు రోజులూ కల్లు, మద్యం జోలికి పోవద్దని చెప్తాం.

యోని బిళ్ల పెట్టుకోవడం ఎవరూ నేర్పరు. పొట్లం చేతికిచ్చి ‘లోపల పెట్టుకో’ అంటారు, నోట్లో వేసుకున్నవాళ్లూ ఉన్నారు. రాత్రి పడుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బిళ్లని ఒక్కసారి నీళ్లలో తడిపి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్లంలో ఇచ్చిన గొట్టంతోనో, చూపుడు వేలితోనో వేలు పోయినంత లోపలికి, నడుము వైపు వాలుగా నెట్టాలి. పైపైన పెడితే కరగకుండా జారి పడిపోతుంది. పెట్టాక లేచి తిరగకూడదు. పొద్దున తెల్లటి పొడి ముద్దలు బయటికొస్తాయి, అది మందే, జబ్బు పెరిగింది కాదు. నెలసరి మొదలైతే అయిపోయేవరకు ఆగాలి. గర్భిణి గొట్టం వాడకుండా వేలితో పెట్టుకోవడం మేలు. క్లోట్రిమజోల్, క్లిండమైసిన్ క్రీమ్‌ల వల్ల కండోమ్ బలహీనపడుతుంది, ఆ రోజుల్లో దాన్ని నమ్ముకోకూడదు.

ఇంకో మాట, దీని మీద నాకు నిజంగా బాధ ఉంది. దురద అనగానే స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ రెండు రోజుల్లో దురద ఆపుతుంది కాబట్టి ‘బంగారంలాంటి మందు’ అని నెలల తరబడి రాస్తారు. ఆ సున్నితమైన చోట చర్మం పల్చబడి, రక్తనాళాలు కనబడి, ఫంగస్ మాత్రం లోపల్లోపల పాకుతుంది. ట్యూబు మీద పేరు చివర ‘సాల్’, ‘సోన్’ కనబడితే డాక్టర్ రాయనిదే పూయొద్దని చెప్పండి.

సబ్‌సెంటర్_సిస్టర్:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఇంకొన్ని మిగిలాయి. షుగర్ ఉన్నవాళ్లకి ఎన్నిసార్లు మందిచ్చినా మళ్లీ వస్తోంది, ఏం చేయాలి? గర్భిణులకి మామూలుగానే ఎక్కువవుతుంది కదా, నీళ్లు కారడాన్ని ఎలా వేరు చేయాలి? ముట్లుడిగినవాళ్ల సంగతి? ‘ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతున్నాయి, అందుకే నడుము నొప్పి, నీరసం’ అని గట్టిగా నమ్మేవాళ్లకి ఏం చెప్పాలి? పెళ్లికాని పిల్లలకి లోపల పరీక్ష చేస్తారన్న భయంతో తల్లులు ఆసుపత్రికే తీసుకురావడం లేదు, దానికి దారేమిటి?

గైనిక్_ఓపీ:

షుగర్ నుంచి మొదలుపెడతాను. ఏడాదిలో 3 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఈస్ట్ వస్తే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే రకంగా లెక్కేసి షుగర్ పరీక్ష చేయించాలి, షుగర్ లేదనుకునేవాళ్లకి కూడా. ఉన్నవాళ్లయితే మందుల చీటీ చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి చక్కెరని మూత్రంలోకి నెట్టి షుగర్ తగ్గిస్తాయి. ఆ తీపి మూత్రం తగిలిన చర్మం మీద ఈస్ట్ తేలిగ్గా పెరుగుతుంది. సొంతంగా ఆపకూడదు, గుండెకీ కిడ్నీకీ అవి మేలు చేసే మందులు. షుగర్ డాక్టర్‌కి ఈ సంగతి చెప్పాలి, మూత్రం తర్వాత నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోవాలి. మళ్లీ మళ్లీ వచ్చేదానికి చికిత్స ఒక్క బిళ్లతో అవదు: ఫ్లుకోనజోల్ 1, 4, 7వ రోజుల్లో, తర్వాత వారానికి ఒకటి చొప్పున 6 నెలలు. మధ్యలో బాగుందని ఆపితే తిరగబెడుతుంది.

వెజైనోసిస్ తిరగబెట్టడం గురించి కొత్త సంగతి ఒకటి ఉంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ట్రయల్‌లో ఆమెతో పాటు భర్తకి కూడా మెట్రోనిడజోల్ బిళ్లలు, క్లిండమైసిన్ క్రీమ్ 7 రోజులు ఇచ్చారు. 12 వారాల్లో తిరగబెట్టినవాళ్లు ఆమెకి మాత్రమే ఇచ్చిన జంటల్లో 63 శాతం, ఇద్దరికీ ఇచ్చిన జంటల్లో 35 శాతం. ఇన్నాళ్లూ భర్తకి మందు అక్కర్లేదనేవాళ్లం. తరచూ తిరగబెట్టే జంటలు ఈ మాట డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

గర్భిణులకి ఈస్ట్రోజెన్ ఎక్కువ కాబట్టి పల్చటి తెల్లబట్ట పెరుగుతుంది, అది మామూలే. ఉమ్మనీరైతే జిగట ఉండదు, నీళ్లలా ఉంటుంది, మూత్రం వాసన రాదు, దగ్గినా లేచినా బొటబొటా కారుతుంది, ఆపుకుందామన్నా ఆగదు. పొడి ప్యాడ్ పెట్టుకుని అరగంట తిరిగి చూడమనండి. నీళ్లతో తడిస్తే, అనుమానంగా ఉన్నా సరే, ఆసుపత్రికే. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసిందని అర్థం, ప్యాడ్ పరీక్షకి కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. నెలలు నిండాక చిక్కటి జిగురులో రక్తపు చార కనబడటం కాన్పు దగ్గరపడిన గుర్తు, 37 వారాల లోపు కనబడితే మాత్రం వెంటనే చూపించాలి. గర్భిణికి ఈస్ట్ వస్తే నోటి బిళ్ల వద్దు, క్లోట్రిమజోల్ యోని బిళ్ల 7 రాత్రులు. బాలింతకి మొదటి 3–4 రోజులు ఎర్రగా, తర్వాత గులాబీ లేదా గోధుమ రంగులో, పది రోజులు దాటాక తెల్లపసుపుగా 5–6 వారాల వరకు అవడం మామూలు. కుళ్లు వాసన, జ్వరం ఉంటే మాత్రం ఆ పూటే.

ముట్లుడిగినవాళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గి యోని గోడ పల్చబడుతుంది, పొడిబారుతుంది, మంట, పల్చటి పసుపు స్రావం ఉంటాయి. ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీమ్ మొదట రెండు మూడు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు ఇస్తే బాగా తగ్గుతుంది, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి. నెలసరి ఆగిన ఏడాది తర్వాత రక్తం చుక్క కనబడినా, గులాబీ నీళ్లలా పోయినా, ‘మళ్లీ నెలసరి వచ్చింది’ అని సంబరపడకూడదు. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షిస్తాం. ముఖద్వారం క్యాన్సర్‌లో కూడా కుళ్లు వాసనతో, రక్తం కలిసిన నీళ్లలా తెల్లబట్ట పోతుంది. అది కనబడేసరికి జబ్బు ముదిరి ఉండొచ్చు. కాబట్టి 30 నుంచి 65 ఏళ్ల వాళ్లందరికీ 5 ఏళ్లకోసారి ఉచితంగా చేసే వీఐఏ పరీక్ష గురించి ఈ పేజీలోనే రాయండి. 3–5 శాతం ఎసిటిక్ యాసిడ్ ముఖద్వారానికి రాసి నిమిషం ఆగి తెల్లమచ్చ ఉందేమో చూడటమే, నొప్పి ఉండదు.

ఊరికి_దగ్గరగా:

ఎముకలు కరిగే మాట గురించి. ‘అది మూఢనమ్మకం’ అని కొట్టిపారేస్తే ఆమె ఇంకోసారి మీకు చెప్పదు. ‘స్రావంలో ఉండేది నీళ్లు, జిగురు, రాలిన కణాలు, ఎముకలో ఉండే సున్నం అందులో పోదు’ అని చెప్పి, వెంటనే ‘నీరసం నిజమే, అది ఎందుకో చూద్దాం’ అనండి. హిమోగ్లోబిన్ చేయించండి, గర్భిణి కాకపోతే 12 కన్నా, గర్భిణి అయితే 11 కన్నా తక్కువుంటే రక్తహీనత. నాట్లు, కలుపు, కుప్పనూర్పిడి రోజుల్లో వంగి పనిచేసే నడుముకి తెల్లబట్టతో సంబంధం లేదు. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనంలో తెల్లబట్ట అని చెప్పుకునే బాధకి ఇన్ఫెక్షన్ల కన్నా మానసిక ఒత్తిడి, దిగులుతో ఎక్కువ సంబంధం కనబడింది. ఇంట్లో కొట్లాట, భర్త తాగుడు, పిల్లలు లేరన్న మాటలు బయటికి చెప్పుకోలేక ‘తెల్లబట్ట అవుతోందమ్మా’ అని మొదలుపెడతారు. ఆ తలుపు మూసేయకండి. నిద్ర పడుతోందా, ఆకలి ఉందా, ఇంట్లో ఎలా ఉంది అని రెండు ప్రశ్నలు అడిగి, ఆగి వినండి. అవసరమైతే మానసిక సమస్యలకి సాయం చేసే 14416 టెలిమానస్ నంబరు చెప్పండి.

‘వేడి చేసింది’ అని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ తాగితే తాగనివ్వండి, హాని లేదు. లోపల పెరుగు పూయడం, వెల్లుల్లి రెబ్బ పెట్టడం, పటిక నీళ్లు, వేపాకు కషాయంతో లోపల కడగడం మాత్రం మాన్పించాలి. బయట మామూలు నీళ్లు చాలు. వాసన వచ్చే వాష్‌లు కొనక్కర్లేదు. లోదుస్తులు చీర కింద దాచి, బాత్రూమ్ మూలన ఆరేస్తారు, అవి తేమతోనే మళ్లీ ఒంటి మీదకొస్తాయి. పైన పల్చటి తువ్వాలు కప్పి అయినా సరే ఎండలో ఆరేయమనండి.

ఇక పెళ్లికాని పిల్లలు. వాళ్లకి స్పెక్యులం (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టరు, ఈ మాట తల్లికి ఇంటి దగ్గరే చెప్పండి. బయట చూసి, అవసరమైతే సన్నటి స్వాబ్ యోని ముఖం దగ్గర నుంచి తీస్తారు. పిల్లకి అర్థమయ్యేలా చెబితే తనే తీసి ఇవ్వొచ్చు. పరీక్ష గదిలో నర్సు ఉండాలని అడిగే హక్కు వాళ్లకుంది. నెలసరి ఇంకా రాని చిన్నపిల్లకి వాసనతో, రక్తంతో స్రావం ఉంటే లోపల దూదిముక్కో, కాగితమో, పూసో ఇరుక్కుని ఉండొచ్చు. రాత్రిపూట మాత్రమే దురద అయితే నులిపురుగులు. పిల్ల భయపడుతున్నా, నొప్పి, గాయాలు ఉన్నా లైంగిక హింస జరిగిందేమో ఆలోచించాలి. అనుమానం ఉంటే చెప్పడం పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, చైల్డ్‌లైన్ 1098. పిల్లని పదేపదే ప్రశ్నలు అడగకుండా, ఒంటికి స్నానం చేయించకుండా, వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.